అన్నయ్య అంబాసిడర్‌కి కొత్త బీడింగు

పాత కారు తలుపులకు రబ్బర్లు మార్చడానికి ఎన్నాళ్లు పడుతుంది? నందిగామ మేస్త్రీ ఒక్క రోజు చాలన్నాడు. నాకు ఇరవై రెండు రోజులు పట్టింది. మేస్త్రీకి పని రాకనా అంటే, కాదు. నాకే బుద్ధి లేక. ఆ ఇరవై రెండు రోజులూ జగ్గయ్యపేటలో మా అన్నయ్య మంచం మీద కూర్చుని, "అయిందంటనా?" అని వదినని అడుగుతూనే ఉన్నాడు.

అన్నయ్య నలభై ఏళ్లు టాక్సీ నడిపాడు. ఒకటే బండి, తెల్ల అంబాసిడర్. జగ్గయ్యపేట బస్టాండు పక్కన స్టాండులో పెట్టేవాడు. సిమెంటు ఫ్యాక్టరీలకు వచ్చే ఆఫీసర్లు, నందిగామ కోర్టుకు వాయిదాలకు పోయేవాళ్లు, నొప్పులొచ్చి విజయవాడ పరిగెత్తే ఆడవాళ్లు, పెళ్లికొడుకులు, అందరూ ఆ బండి ఎక్కినవాళ్లే. సున్నపురాయి లారీల వెనకాల దుమ్ము తాగుతూ, మధ్యమధ్యలో బీడీ తాగుతూ నడిపాడు. చివరికి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయనీ, ఇక బాగుపడేది ఉండదనీ, ఉన్నన్నాళ్లు దుమ్ము తగలకుండా చూసుకోమనీ విజయవాడ డాక్టరు చెప్పాడు. దుమ్ము వల్లనా బీడీల వల్లనా అని నేను నిలదీసి అడిగాను. రెండూ కావచ్చన్నాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టించాం. బండి ఇంటి పక్కన రేకుల షెడ్డులో చేరింది. వాడు నడపడం మానేయాలని తీర్మానం చేసింది కూడా నేనే.

మా ఇంట్లో తీర్మానాలు నావే. అన్నయ్య నాకంటే ఆరేళ్లు పెద్ద, కానీ పదో తరగతితో చదువు ఆపి స్టీరింగు పట్టుకున్నాడు. నేను డిగ్రీ చదివి కోర్టులో టైపిస్టునయ్యాను. దాంతో చదువుకున్నవాడు చెప్పాడంటే చెప్పినట్టే అని ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. అన్నయ్య అసలు నోట్లో నాలుక లేని మనిషి. నాకేమో కోపం ముక్కు మీద ఉంటుంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ముప్పై నాలుగేళ్లు ఒక్క అక్షరం తప్పు పడితే కాగితం మొత్తం తీసి మళ్లీ కొట్టిన చేతులు ఇవి. రిటైరై నందిగామలోనే స్థిరపడ్డాక కూడా ఆ జబ్బు వదల్లేదు.

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం అన్నయ్యను చూడ్డానికి బస్సెక్కి పేట వెళ్లాను. ముక్కులో గొట్టంతో వసారాలో కూర్చున్నాడు. ఇంకా అప్పటికి తనంతట తాను లేచి షెడ్డు దాకా నడిచి, బండి మీద చెయ్యేసి నిలబడి వచ్చేవాడు. కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"ముక్త్యాల ఒక్కసారి పోయొద్దాంరా. మన బండిలో."

ముక్త్యాల ఎందుకో నాకు తెలుసు. ఆఫీసర్లను అక్కడి ఫ్యాక్టరీలో దించాక, వాళ్ల పని అయ్యేదాకా ఖాళీ. అన్నయ్య బండి తీసుకెళ్లి కృష్ణ ఒడ్డున పెట్టి, కడిగి, తానూ స్నానం చేసి, చెమ్మ ఒంటితోనే గట్టు మీద కూర్చునేవాడు. వాడి జీవితంలో సెలవంటూ ఉంటే అదే. పెళ్లికి ముందూ అదే, తర్వాతా అదే. నాకు మాత్రం ఒక్కసారి కూడా తోడు వెళ్లే తీరిక దొరకలేదు.

ఏసీ కారు మాట్లాడతాను, హాయిగా వెళ్లొద్దామన్నాను. వద్దన్నాడు. మన బండిలోనే అన్నాడు. అన్నయ్య నా మాటకు అడ్డు చెప్పడం నాకు తెలిసి అదే మొదలు. పైగా అడక్క అడక్క అడిగిన కోరిక. వదిన గుమ్మంలో నిలబడి నా మొహం వంకే చూస్తోంది. సరేనన్నాను.

షెడ్డులోకి పోయి తలుపులు తీసి చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు, బీడింగు అంటారే, అది ఎండిన చింతపండు తొక్కులా పెళుసుబారి పోయింది. ఒక పక్క ఎలుకలు కొరికాయి. తలుపు మూసి లోపల కూర్చుంటే సందుల్లోంచి వెలుతురు కనపడుతోంది. ముక్త్యాల రోడ్డంటే తెల్లారేసరికి సిమెంటు లారీలు బారులు తీరతాయి. ఈ బండిలో అన్నయ్యను ఆ లారీల వెనక కూర్చోబెట్టడమంటే చేతులారా దుమ్ము పోయడమే. రబ్బర్లు మార్పించాకే బండి కదిలేది అని చెప్పేశాను.

"దుమ్ము నాకు కొత్తట్రా?" అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

కొత్త కాదు కాబట్టే ఇప్పుడు ఊపిరి ఆడట్లేదని కసిరాను. వదిన మాత్రం గేటు దాకా వచ్చి, ఏం చేసినా తొందరగా చెయ్యమంది.

బండి కాగితాలు నేను ఎప్పటికప్పుడు సరిచేయిస్తూనే ఉన్నాను, ఆ విషయంలో నన్ను వేలెత్తి చూపడానికి లేదు. మర్నాడే బ్యాటరీ మార్పించి నందిగామ తీసుకుపోయాను. హైవే పక్కన లారీ సీట్లు కుట్టే షాపులో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. అంబాసిడర్లు, జీపులు బాగా తెలిసినవాడు. తన దగ్గర బీడింగు చుట్ట ఉందన్నాడు. పాత రబ్బరు పీకి, దాని కింద గట్టిపడిన బంకను బ్లేడుతో గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, కొత్త రబ్బరును కింది నుంచి మొదలుపెట్టి చుట్టూ ఎక్కించాడు. మూల తిరిగే చోట లాగకూడదట. లాగితే రబ్బరు సన్నబడి అక్కడే సందు పడుతుందట. రెండు కొసలూ కలిసే అతుకు పైన రాకూడదు, గుమ్మం దగ్గర అడుగునే రావాలి. పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకు నాలుగు తలుపులూ ముగించాడు. కొత్త రబ్బరు కదా, తలుపు మామూలుగా వేస్తే వెనక్కి తన్నింది. గట్టిగా వెయ్యాల్సి వచ్చింది. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుందన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే, ఆ వారమే అన్నయ్యను తీసుకెళ్లేవాణ్ని. ఆగలేదు.

మా వైపు ఇళ్లల్లో దుమ్ము ఎంత వచ్చిందో చూడాలంటే తెల్లగుడ్డే సాక్ష్యం. ఫ్యాక్టరీలకు దగ్గరున్న ఊళ్లలో ఆడవాళ్లు దండెం మీద తెల్ల పంచె ఆరేసి, గాలి ఎటు తిరిగిందో దాన్ని చూసి చెప్తారు. నేనూ అదే చేశాను. తెల్ల తువ్వాలు ఉతికించి, తడిపి పిండి, ముందు సీట్లో పరిచి, బండి తీసుకుని ముక్త్యాల రోడ్డు ఎక్కాను. ఏ దుమ్ములో తిరగాలో ఆ దుమ్ములోనే కదా పరీక్ష చెయ్యాలి. సిమెంటు లారీ వెనకాల కావాలని అంటుకుని నడిపాను. రేవు దగ్గర బండి తిప్పి తువ్వాలు తీసి చూస్తే, మధ్యలో బూడిద రంగు చార. ఇంకేముంది, మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను.

మేస్త్రీ ఎడమ పక్క ముందు తలుపు రబ్బరు ఊడదీసి మళ్లీ వేశాడు. మళ్లీ తువ్వాలు, మళ్లీ ముక్త్యాల రోడ్డు, మళ్లీ చార. ఈసారి దుమ్ము తలుపుల్లోంచి కాదు, బ్రేకు పెడలు కింద చిల్లుల్లోంచి వస్తోందని తేలింది. వాటికి రబ్బరు బిళ్లలు. తర్వాత డిక్కీ తలుపు. తర్వాత అద్దాలు జారే గాడిలో ఉండే రబ్బర్లు. దానికోసం తలుపుల లోపలి అట్టలన్నీ విప్పాల్సి వచ్చింది. ఆ సైజు రబ్బరు నందిగామలో దొరకలేదు. విజయవాడ పోయి తెచ్చాను. తెచ్చింది సరిపోలేదు, మళ్లీ పోయాను. ఇల్లు పీకి పందిరి వెయ్యడమంటే ఇదే. ఒక రోజు మేస్త్రీకి ఓపిక నశించి పానా కింద పెట్టాడు.

"సార్, ఇది కారండీ. థర్మాస్ ఫ్లాస్కు కాదు."

నేను నవ్వలేదు. మా అన్నయ్య ఊపిరి సంగతి నీకేం తెలుసని అరిచాను. పాపం, అతను తలొంచుకుని పని చేసుకున్నాడు.

ఆ రోజుల్లో నేను చేసిన వాటన్నిటిలో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసేది ఒకటుంది. అన్నయ్య ఇల్లు ముక్త్యాల పోయే దారికి ఒక్క వీధి లోపల. నేను పరీక్షకని ఐదుసార్లు ఆ దారిన పోయాను, ఐదుసార్లూ వచ్చాను. ఒక్కసారి కూడా ఇంటి ముందు ఆగలేదు. ఆగితే, అయిందా అని అడుగుతాడు, కాలేదని చెప్పాలి, అది నాకు నామోషీ. నేను పోతున్నట్టు వాళ్లకు తెలియదనుకున్నాను. నలభై ఏళ్లు నడిపినవాడికి ఇంజను మోత తెలియదా? మంచం మీద నుంచే, "మన బండి పోతాంది" అనేవాడట. కాసేపయ్యాక "వెనక్కొచ్చింది" అనేవాడట. ఇటు రాకుండా పోతున్నాడేంటని వదిన విసుక్కుంటే, ఇంకా పని ఉండి ఉంటదిలే అని సర్దిచెప్పేవాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

పద్నాలుగో రోజో పదిహేనో రోజో వదిన ఫోన్ చేసింది. షెడ్డు దాకా నడిచేవాడు ఇప్పుడు వీధి గుమ్మం దాకా కూడా రాలేకపోతున్నాడనీ, రబ్బర్లు ఎట్టా ఉంటే అట్టా ఉండనీ, వచ్చి ఒకసారి తిప్పుకురమ్మనీ అడిగింది. నేనేమైనా ఆడుకుంటున్నానా వదినా అని గయ్యిమన్నాను. వాడి మంచికి కాకపోతే నాకెందుకీ తిప్పలన్నాను. నీ ఇష్టమయ్యా అని పెట్టేసింది.

ఇరవై రెండో రోజు తువ్వాలు తెల్లగా వచ్చింది. రెండు లారీల మధ్య పడి నడిపినా ఒక్క చార లేదు. నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ తువ్వాలు తీసుకెళ్లి మేస్త్రీకి చూపించాను కూడా. మంచిదండీ అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఇంటి ముందు బండి ఆపి హారన్ కొట్టాను. నేనూ, పక్కింటాయనా చెరో పక్కన పట్టుకుని తీసుకొచ్చాం. ఇరవై రెండు రోజుల్లో మనిషి సగమయ్యాడు. చంకలో చెయ్యేస్తే ఎముకలు తగిలాయి. గడ్డం గీయించుకుని ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఊపిరి తీసుకుని, అలవాటు కొద్దీ స్టీరింగు పక్కకి రెండడుగులు వేశాడు. వాడు ఆ బండిలో ఎడమ పక్క ఎప్పుడూ కూర్చోలేదు. నేను వాణ్ని ఎడమ తలుపు వైపు తిప్పాను. వదిన చిన్న ఆక్సిజన్ సిలిండరు వాడి కాళ్ల దగ్గర పెట్టింది. తానూ వద్దామనుకుందో ఏమో, నేను రమ్మనలేదు.

అన్నయ్య తలుపు చుట్టూ రబ్బరు మీద వేలు నడిపించి, "బాగా కుదిరిందిరా" అన్నాడు. ధన్ మని తలుపు వేశాను. బయట మోత ఠక్కున ఆగిపోయింది. లోపల సిలిండరు గొట్టంలో బుస్సుమనే చప్పుడొక్కటే.

బండి కదలగానే వాడి చెయ్యి తలుపు మీదికి పోయింది, అద్దం దించడానికి. అక్కడ తిప్పే పిడి లేదు. తలుపుల అట్టలు విప్పినప్పుడు నాలుగు పిడులూ ఊడదీశాం. మూడు బిగించాను. అన్నయ్య కూర్చునే పక్కది నేనే కావాలని బిగించలేదు. చంటిపిల్లాడికి అందకుండా అగ్గిపెట్టె అటక మీద పెట్టినట్టు తీసి ఇంట్లో పెట్టి వచ్చాను. నాకు వాడి సంగతి తెలుసు, చేతికందితే దించేస్తాడు. అన్నయ్య ఆ ఖాళీ ఇరుసు మీద వేలు పెట్టి చూశాడు. నా వంక చూశాడు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తన బండిలో, తన తలుపుకే పిడి లేదు.

దారిలో లారీలు దుమ్ము లేపుతున్నాయి. బయట అంతా తెల్లగా కమ్ముకుంది. లోపల ఒక్క రవ్వ లేదు. చూశావా అన్నాను. ఊఁ అన్నాడు. మేస్త్రీ ఎన్నిసార్లు తప్పు చేశాడో, నేను ఎట్లా పట్టుకున్నానో, విజయవాడ ఎన్నిసార్లు తిరిగానో, అన్నీ వరసగా చెప్తూ నడిపాను. వింటున్నాడనే అనుకున్నాను.

ముక్త్యాలలో కృష్ణ కనపడేట్టు గట్టు మీద బండి ఆపాను. చలికాలపు ఎండ నీళ్ల మీద పడుతోంది. రేవులో ఇద్దరు ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. ఒడ్డున తుమ్మచెట్టు కొమ్మలు ఊగుతున్నాయి. మాకు మాత్రం ఏ చప్పుడూ వినపడలేదు. కాసేపటికి అన్నయ్య అడిగాడు.

"కాసేపు తలుపు తియ్యరా."

లారీలు తిరుగుతున్నాయి, పైగా చలిగాలి, దగ్గు పట్టుకుందంటే మళ్లీ విజయవాడ పరిగెత్తాలి అన్నాను. నిజానికి ఆ గట్టు మీదికి లారీలు రావు. నేను అంత కష్టపడి బిగించింది విప్పడానికి నాకు మనసొప్పలేదు, అంతే. "సర్లే" అన్నాడు. మా ఇద్దరి ఊపిరికీ అద్దం లోపల ఆవిరి పట్టి నది మసకబారింది. వాడికి కనపడాలని తువ్వాలుతో తుడిచాను. మళ్లీ పట్టింది, మళ్లీ తుడిచాను. ఇరవై నిమిషాలు ఉన్నామేమో, పోదాం పదమన్నాడు. తృప్తి పడ్డాడనుకున్నాను.

ఆ తర్వాత పదహారు రోజులకు అన్నయ్య పోయాడు. ఆస్పత్రిలో కాదు, ఇంట్లోనే, మధ్యాహ్నం నిద్రలో.

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ నేను ముక్త్యాల కథ చెప్పాను. పోయేముందు వాడు అడిగింది ఒక్కటే, అది తీర్చాననీ, ఒంటి మీద దుమ్ము రవ్వ పడకుండా తీసుకెళ్లి తీసుకొచ్చాననీ. తమ్ముడంటే అట్లా ఉండాలని వాళ్లు అంటుంటే నా కళ్లల్లో నీళ్లు తిరిగేవి. నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వంగా కూడా ఉండేది. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర కూడా చెప్పాను. వదిన వడ్డన చేయిస్తూ అటూ ఇటూ తిరుగుతోంది.

అందరూ వెళ్లాక సాయంత్రం నేను వసారాలో ఒక్కణ్నే కూర్చున్నాను. వదిన వచ్చి ఎదురుగా చాప మీద కూర్చుంది. ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి నేను హైస్కూలు పిల్లవాణ్ని. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అని ఎరగదు.

"కోపంతో చెప్పట్లేదయ్యా. నువ్వు అందరికీ చెప్తుంటే వినలేక చెప్తున్నా," అంది. "ఆ రోజు నువ్వు దించి పోయాక, చెంబుతో నీళ్లు తెమ్మన్నాడు. మొహం, మెడ, చేతులు అన్నీ తడుపుకున్నాడు. చొక్కా కూడా తడిసింది. చలికి వణుకుతా ఉన్నాడు, తుడుస్తానంటే వద్దన్నాడు. స్టాండు ఫ్యాను తెచ్చి మొహానికి ఎదురుగా పెట్టమన్నాడు. కళ్లు మూసుకుని కూర్చుని, రేవులో గాలి ఇట్టాగే ఉంటదే అన్నాడు."

ఆ ఒక్క రోజేనా వదినా అన్నాను.

"రోజూ అంతే. పోయిన రోజు పొద్దున కూడా," అంది వదిన. "నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. అంత కష్టపడి చేయించాడు, తెలిస్తే బాధపడతాడన్నాడు."

ఆమె ముందే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, లేచి పోలేదు. చీకటి పడేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆ తర్వాత ముక్త్యాల మాట నేనెవరి దగ్గరా ఎత్తలేదు.